చలికాలం రన్నింగ్ డైరీ, నాలుగో వారం: నా పేస్ వేరు, బావ పేస్ వేరు

పది వారాల హాఫ్ మారథాన్ ప్లాన్‌లో ఇది నాలుగో వారం. మొదటి మూడు వారాల సంగతి రాయడం లేదు, అందులో ఇంకొకరికి పనికొచ్చేది పెద్దగా లేదు. ఈ వారం మాత్రం చలి పెరిగింది, వాచ్ తప్పు చూపించింది, బావ పిక్క పట్టేసింది, ప్లాన్ మధ్యలో మార్చాల్సి వచ్చింది. మీరూ ఇంకొకరితో కలిసి పరిగెత్తుతూ ఉంటే, ఇద్దరి వేగాల్లో తేడా ఉంటే, మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండటానికి రోజువారీగా రాస్తున్నాను.

వారం మొదట్లో లెక్కలు

నేను: వయసు 38, బరువు 68.4 కిలోలు, పొద్దున లేవగానే పల్స్ 54, పోయిన వారం 38 కి.మీ.
బావ: వయసు 46, బరువు 79.2 కిలోలు, పొద్దున పల్స్ 62, పోయిన వారం 32 కి.మీ.
ఈ వారం టార్గెట్: నాకు 42, బావకి 35. పోయిన వారం మీద దాదాపు పది శాతం ఎక్కువ.
పొద్దున 5:30కి బయట 6 నుంచి 10 డిగ్రీలు.

సామాను: మణికట్టు దగ్గర పల్స్ చూపించే వాచీలు రెండు, ఛాతీకి కట్టుకుని పల్స్ చూసుకునే స్ట్రాప్ ఒకటి (సోమవారం అది సొరుగులోనే ఉండిపోయింది, అదే మొదటి తప్పు), వంటింటి తూకం, బరువు చూసుకునే మెషిన్, తలకి పెట్టుకునే లైట్లు రెండు, వెనక వెలిగే ఎర్ర లైటు ఒకటి.

సోమవారం: ఈజీ రన్ 8 కి.మీ., ఒకరికే ఈజీ

ప్లాన్ ప్రకారం ఇద్దరం పక్కపక్కనే, కిలోమీటరుకి 6:20 పేస్‌లో (అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 20 సెకన్లు), మాట్లాడుకుంటూ వెళ్లాలి. మొదటి కిలోమీటరులోనే నా వాచ్‌లో హార్ట్ రేట్ 168 కనబడింది. నాకేమో ఆయాసమే లేదు. వీధి లైటు కింద ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను, 34 వచ్చింది. నాలుగుతో గుణిస్తే 136. మరి 168 ఎక్కడిది? వాచ్‌లోనే ఇంకో పేజీలో దొరికింది: నిమిషానికి నా అడుగులు 168. చలికి చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుని మణికట్టుకి రక్తం తక్కువగా వస్తుంది, అప్పుడు సెన్సర్‌కి పల్స్ సరిగ్గా దొరకక చెయ్యి ఊపే లయనే పల్స్ అనుకుంటుంది. ఇది అన్ని మణికట్టు సెన్సర్లకీ ఉన్న ఇబ్బందే, ఫలానా వాచ్ తప్పని కాదు.

అంతవరకు బాగానే ఉంది. బావ వాచ్ 162 చూపిస్తుంటే మాత్రం, నాది తప్పు కాబట్టి తనదీ తప్పేనని తేల్చేశాను. ఆయన మెడ దగ్గర లెక్కపెట్టించలేదు.

ఇంకో ఆధారం ఎదురుగానే ఉంది, అదీ పట్టించుకోలేదు. మొదటి కిలోమీటరులో బావ ఆఫీసు సంగతి మొత్తం చెప్పాడు. మూడో కిలోమీటరుకి నేను అడిగినదానికి రెండు మాటలు. ఐదో దగ్గర "ఊఁ". ఆరు దాటాక తల ఊపడమే. ఎనిమిది అయ్యాక ఆగి వెంటనే మెడ దగ్గర చూస్తే 15 సెకన్లకి 40, అంటే 160. వాచ్ చెప్పింది నిజమే. బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, కాసేపటికి అన్నాడు: "ఒరేయ్, నువ్వు పక్కన పరిగెత్తవు, ఎప్పుడూ నా భుజానికి అర అడుగు ముందుంటావు. నేను కలుపుకుంటే నువ్వు మళ్లీ అర అడుగు."

నిజమే. నాకు తెలియకుండానే చేస్తున్నాను. కలిసి పరిగెత్తేవాళ్లలో వేగం ఎక్కువున్న మనిషి ఈ ఒక్కటి గమనించుకోవాలి. పక్కవాడిని అర అడుగు వెనక ఉంచితే, ఆ అర అడుగు కోసం అతను దారంతా పరుగు పెంచుతూనే ఉంటాడు.

రోజూ పరుగు అయ్యాక అది ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేసుకుంటున్నాం. ఆ అంకెని నిమిషాలతో గుణిస్తే ఆ రోజు లోడ్, అంటే ఒంటి మీద పడిన భారం. కార్ల్ ఫోస్టర్ అనే అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఏ పరికరమూ అక్కర్లేదు.

సోమవారం లోడ్: నేను 51 × 4 = 204. బావ 51 × 7 = 357.
వారంలో ఇప్పటిదాకా మొత్తం దూరం (కి.మీ.): నేను 8.0, బావ 8.0.

మంగళవారం: 800 మీటర్లు ఐదుసార్లు, రెండోదానిలో పిక్క పట్టేసింది

పొద్దున బావ పల్స్ 68. మామూలు కన్నా ఆరు ఎక్కువ. అంటే నిన్నటి అలసట ఇంకా తీరలేదు. ఆ అంకె చూసి ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, మధ్యలో జాగింగ్) మానేసి నడకకి వెళ్లి ఉండాల్సింది. "వెళ్లాక చూద్దాంలే" అనుకుని వెళ్లాం.

400 మీటర్ల ట్రాక్. వార్మప్ ఒక కిలోమీటరు జాగింగ్, 6 నిమిషాల 20 సెకన్లు. ఎండాకాలం అదే సరిపోయేది. బయట 7 డిగ్రీలు. నేను 800ని 4 నిమిషాల్లో, బావ 4:12లో చేశాం, తర్వాత 400 జాగింగ్. రెండో 800లో 500 మీటర్ల దగ్గర బావ ఎడమ కాలు ఎత్తిపెట్టి కుంటుతూ ఆగాడు. పిక్క మీద చెయ్యి పెడితే గట్టిగా ముడి కట్టినట్టుంది. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు, మునివేళ్ల మీద నిలబడగలుగుతున్నాడు, లాగుతోంది అంతే. (వాపు వచ్చినా, మునివేళ్ల మీద లేవలేకపోయినా, పిక్కలో ఏదో తెగినట్టు అనిపించినా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, ఈ డైరీ చూసి ఏమీ చేయొద్దు.) బావని స్వెట్టర్ వేయించి నడిపించాను, మిగతా మూడు నేను ఒక్కడినే పూర్తి చేశాను.

ట్రాక్ మీద ఇంకో విషయం తెలిసింది. మొదటి 800లో వీలైనంతవరకు పక్కపక్కనే వెళ్లాలని బావ మొదటి లేన్‌లో, నేను రెండో లేన్‌లో పరిగెత్తాం. రెండో లేన్ ఒక రౌండుకి 400 కాదు, దాదాపు 407 మీటర్లు. 800కి నాకు 14 మీటర్లు ఎక్కువ పడింది, నా పేస్‌లో అది నాలుగు సెకన్ల పైనే. ట్రాక్ మీద టైములు పోల్చుకోవాలంటే ఇద్దరూ మొదటి లేన్‌లో ఒకరి వెనక ఒకరు వెళ్లాలి.

ఇంటికొచ్చాక బావ షూ తీసి చూశాను. రాత్రంతా బాల్కనీలో ఉన్నాయి. మడమ కింద ఫోమ్‌ని బొటనవేలితో నొక్కితే చెక్కలా ఉంది, అణగట్లేదు. నా జత ఇంట్లోనే ఉంది, అదే మోడల్, మెత్తగా అణిగింది. షూ అడుగున ఉండే ఈవీఏ ఫోమ్ చలికి గట్టిపడుతుంది, అప్పుడు అడుగు దెబ్బని అంతగా పీల్చుకోదు. పిక్క పట్టడానికి ఇదొక్కటే కారణం అనను. ముందురోజు అలసట, చాలని వార్మప్, గట్టిపడ్డ షూ, మూడూ ఒకే పొద్దున కలిశాయి.

లోడ్: నేను 44 × 7 = 308. బావ 16 × 6 = 96.
మొత్తం దూరం: నేను 15.6, బావ 10.7.

బుధవారం: పరుగు లేదు, లెక్కలు మళ్లీ మొదటినుంచి

బావ పల్స్ 67. ఎడమ కాలు ఒక్కదాని మీద మునివేళ్లపై లేవమంటే 11 సార్లకి లాగింది, కుడి కాలు 20 సులువుగా చేశాడు. అరగంట నడిచాడు, నొప్పి లేదు. నేనూ పరిగెత్తలేదు, కూర్చుని లెక్కలు చూశాను.

బావ వాచ్‌లో గరిష్ఠ హార్ట్ రేట్ 174 అని ఉంది, 220 లోంచి వయసు తీసేసిన అంకె. ఆ సూత్రం గుంపు మొత్తానికి సగటు మాత్రమే, ఒక్కో మనిషి దగ్గర పది పన్నెండు అటూ ఇటూ పోవడం మామూలే. రెండో వారంలో, డాక్టర్ చెకప్ అయ్యాక, స్ట్రాప్ కట్టుకుని ఎత్తు రోడ్డు మీద మూడేసి నిమిషాలు మూడుసార్లు బలంగా పరిగెత్తినప్పుడు బావకి 181, నాకు 184 వచ్చాయి. ఆ అంకెలు నోట్‌బుక్‌లో ఉన్నాయి, వాడుకోలేదు.

ఈజీ రన్‌లో పల్స్ ఎంత ఉండాలో తేల్చడానికి ఈసారి కార్వోనెన్ పద్ధతి పెట్టాం. ఫిన్లాండ్ శాస్త్రవేత్త కార్వోనెన్, ఆయన సహచరులు 1957లో ప్రచురించిన పనిలోంచి వచ్చిన పద్ధతి ఇది:

1. గరిష్ఠ హార్ట్ రేట్ లోంచి పొద్దున లేవగానే ఉండే పల్స్ తీసేయాలి. నాకు 184 − 54 = 130. బావకి 181 − 62 = 119.
2. వచ్చినదానిలో 60 నుంచి 70 శాతం చూడాలి. నాకు 78 నుంచి 91. బావకి 71 నుంచి 83.
3. దానికి పొద్దున పల్స్ కలపాలి. నాకు 132 నుంచి 145. బావకి 133 నుంచి 145.

ఈ చివరి లైన్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వయసులో ఎనిమిదేళ్ల తేడా ఉంది, బరువులో పదకొండు కిలోల తేడా ఉంది, అయినా ఈజీ రన్ అంకె ఇద్దరికీ దాదాపు ఒకటే. ఆ అంకె దగ్గర నా పేస్ 6:15, బావ పేస్ 7:15, తేడా అంతా అక్కడే ఉంది. సోమవారం మేం ఒకటిగా ఉంచాల్సింది పల్స్. ఉంచింది పేస్.

దాన్ని బట్టి పద్ధతి మార్చాం. ఇకపై దూరం కాదు, టైమ్.

1. ఇద్దరం ఒకే చోట, ఒకేసారి స్టాప్‌వాచ్ నొక్కి బయల్దేరాలి.
2. ఎవరి పేస్‌లో వాళ్లు, పల్స్ 145 దాటకుండా.
3. అనుకున్న నిమిషానికి ఎక్కడున్నవాళ్లం అక్కడే వెనక్కి తిరగాలి.
4. వెనక్కి కూడా అదే పేస్ అయితే ఇద్దరం ఒకేసారి బయల్దేరిన చోటికి చేరతాం.

వార్మప్ కూడా మార్చాం:

1. ఇంట్లోనే 5 నిమిషాలు: చీలమండలు తిప్పడం, మునివేళ్ల మీద లేవడం 15, సగం గుంజీళ్లు 10, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం చెరి 10.
2. జాకెట్‌తో బయటికొచ్చి 3 నిమిషాలు వేగంగా నడక.
3. 8 నిమిషాలు జాగింగ్, పల్స్ 130 లోపే.
4. స్పీడ్ రోజైతే 20 సెకన్ల స్ట్రైడ్స్ (వేగంగా చిన్న పరుగులు) నాలుగు, మధ్యలో 40 సెకన్లు నడక. జాకెట్ తీసేది దీని తర్వాతే.

స్పీడ్ రోజుకి మొత్తం 20 నిమిషాలు. ఈజీ రోజున మూడో మెట్టే పరుగులో మొదటి ఎనిమిది నిమిషాలు, విడిగా చేయక్కర్లేదు. షూ ఇకపై ఇంట్లోనే.

గురువారం: 25 నిమిషాలు వెళ్లి రావడం, గాలిని మరిచిపోయాం

బావ పల్స్ 64. ఎడమ కాలి మీద 20 సార్లు, లాగలేదు. పిక్క కొంచెం లాగినా ఆపి నడుస్తానని మాట తీసుకున్నాకే బయల్దేరాం.

స్ట్రాప్ బావకి కట్టాం. మొదటి ఎనిమిది నిమిషాలు అందులో 190కి పైన అంకెలు! టెన్షన్ పడి నన్ను పిలిచాడు, నేను వెనక్కి వచ్చి మెడ దగ్గర లెక్కపెట్టాను, 35, అంటే 140. పొడి చలిలో చెమట రాకముందు స్ట్రాప్ ప్యాడ్‌లు చర్మానికి సరిగ్గా అంటవు. చెమట పట్టాక దానంతట అదే కుదురుకుంది. ఇంట్లోనే ప్యాడ్‌లని నీళ్లతో తడిపి కట్టుకోవాలి. స్టాప్‌వాచ్ ఆపి, ఉన్న చోటినుంచే మళ్లీ సున్నాతో మొదలుపెట్టాం, కింది లెక్కలన్నీ అక్కడినుంచే.

25 నిమిషాలకి నేను 4.0 కి.మీ. దగ్గర, బావ 3.45 దగ్గర తిరిగాం. మధ్య 550 మీటర్లు. వెనక్కి వచ్చేటప్పుడు బావ నడుముకున్న ఎర్ర లైటు మంచులో చిన్న చుక్కలా మిణుకుతూ కనబడింది, దాని వెనకే వచ్చాను. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. చీకట్లో తిరిగి వచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చే మనిషి నా కళ్ల ముందే ఉంటాడు, ఏమైనా అయితే నేను గమనించకుండా దాటి పోయే అవకాశం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది. గాలి, మనం ఒకే వైపు వెళ్తుంటే ఒంటికి గాలి పెద్దగా తగలదు, వేడెక్కి చెమట పట్టింది. తిరిగాక ఆ తడి ఒంటి మీద ఎదురుగాలి. నీరు ఒంటి వేడిని గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది, తడి బట్టతో చలి ఎముకలకి పట్టడం అంటే ఏమిటో చివరి రెండు కిలోమీటర్లలో తెలిసింది. నేను తిరిగి రావడానికి 25:40, బావకి 27:30 పట్టింది. ఆ నిమిషం 50 సెకన్లు నేను కదలకుండా నిలబడి బావ కోసం చూశాను. పళ్లు కొట్టుకున్నాయి.

వచ్చాక బట్టలు తూచాం. బావ లోపల వేసుకున్న కాటన్ టీషర్ట్ పొడిగా 190 గ్రాములు, తడిశాక 320. అంటే 130 గ్రాముల నీళ్లు ఒంటికి అంటించుకుని ఎదురుగాలిలో వచ్చాడు.

మార్పులు: వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, దారి దాన్ని బట్టే. ముందు చేరినవాళ్లు నిలబడకూడదు, రెండోవాళ్లకి ఎదురు నడవాలి. కాటన్ వద్దు.

లోడ్: నేను 51 × 3 = 153. బావ 53 × 4 = 212.
మొత్తం దూరం: నేను 23.6, బావ 17.6.

శుక్రవారం

విశ్రాంతి. బావ పల్స్ 63. రాయడానికి ఇంకేమీ లేదు.

శనివారం: 25 నిమిషాల ఈజీ

కొత్త పద్ధతులన్నీ కలిపి చూసే రోజు కాబట్టి చిన్నగా పెట్టుకున్నాం. స్ట్రాప్ తడిపి కట్టాం, మొదటి నిమిషం నుంచే 118, 122, 127 అని నెమ్మదిగా ఎక్కింది. షూ మెత్తగా ఉంది. చివర్లో వేగం పెంచుదామా అని బావ అడిగితే వద్దన్నాను, పిక్కకి నాలుగు రోజులే అయింది. పల్స్ పొద్దున 62, మళ్లీ మామూలుకి వచ్చింది.

లోడ్: ఇద్దరికీ 25 × 3 = 75.
మొత్తం దూరం: నేను 27.6, బావ 21.0.

ఆదివారం: లాంగ్ రన్, 45 + 45 (వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 45)

గాలి ఎటు ఉందో చూసి దారి మార్చాం, ఎదురుగాలిలో మొదలుపెట్టాం. బయట 6 డిగ్రీలు. బయల్దేరగానే కొంచెం చలిగా అనిపించాలి, అదే సరైన బట్ట. అసలు ఉష్ణోగ్రత కన్నా పది డిగ్రీలు ఎక్కువున్నట్టు లెక్కేసుకుని వేసుకుంటే సరిపోతుంది. లోపల పాలిస్టర్ టీషర్ట్, పైన గాలి ఆపే పల్చటి జాకెట్, గ్లౌజులు. మెడకి చుట్టుకునే బట్ట ముక్కు మీదికి లాక్కుంటే పీల్చే గాలి కాస్త వెచ్చగా, తేమగా లోపలికి వెళ్తుంది. గురువారం వచ్చిన పొడిదగ్గు ఈరోజు బావకి రాలేదు.

45 నిమిషాలకి నేను 7.2 దగ్గర, బావ 6.3 దగ్గర తిరిగాం. వచ్చేటప్పుడు వెనకగాలి. బయల్దేరిన చోటికి బావ చేరిన పది సెకన్లకి నేను చేరాను. వారం మొత్తంలో ఇద్దరి ముఖాల్లోనూ ఒకేలాంటి అలసట కనబడింది ఈరోజే.

ఒకటి గమనించాలి. బావ సగటు పల్స్ 143, చివరి ఇరవై నిమిషాల్లో మాత్రం అదే పేస్‌కి 149. ఎందుకో బరువు చూస్తే తెలిసింది.

1. నేను: 68.4 నుంచి 67.5కి. తగ్గింది 0.9 కిలో, తాగింది 0.3 లీటరు. మొత్తం చెమట 1.2 లీటర్లు, గంటకి 0.8.
2. బావ: 79.2 నుంచి 77.9కి. తగ్గింది 1.3 కిలోలు, తాగింది 0.2 లీటరు. మొత్తం 1.5 లీటర్లు, గంటకి 1.0.

"చెమటే పట్టలేదు, దాహం వేయలేదు" అన్నాడు బావ, తూకం ఎక్కే ముందు. చలిలో దాహం తక్కువగా వేస్తుంది, పొడిగాలికి చెమట కనబడకుండానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి, ఆ 149లో కొంత అదే అనుకుంటున్నాను. టీషర్ట్ 140 గ్రాముల నుంచి 185, అంటే పట్టిన నీరు 45 గ్రాములే. కాటన్ కన్నా మూడో వంతు, అదీ దాదాపు రెట్టింపు సేపు పరిగెత్తాక.

లోడ్: నేను 90 × 4 = 360. బావ 90 × 5 = 450.
మొత్తం దూరం: నేను 42.0, బావ 33.6.

వారం లెక్క

దూరం: నేను 42.0 (టార్గెట్ 42), బావ 33.6 (టార్గెట్ 35).
లోడ్: నేను 1100, బావ 1190.

బావ నాకన్నా 8.4 కిలోమీటర్లు తక్కువ పరిగెత్తాడు, అయినా లోడ్ నాకన్నా 90 ఎక్కువ. అందులో సోమవారం ఒక్కరోజుదే 357. ఆ రోజు తన పేస్‌లో, కష్టం 4 దగ్గర వెళ్లి ఉంటే అవే 51 నిమిషాలకి 204 అయ్యేది, పిక్క సంగతి కూడా బహుశా వేరేలా ఉండేది. నేను కిలోమీటర్లు మాత్రమే రాసుకుంటూ ఉండి ఉంటే బావకి ఈ వారం తేలిగ్గా గడిచిందనుకుని వచ్చే వారం పెంచేసేవాణ్ణి.

ఐదో వారానికి మార్పులు

1. బావకి దూరం పెంచడం లేదు, 34 దగ్గరే. నాకు 44.
2. పొద్దున పల్స్ మామూలు కన్నా 5 ఎక్కువుంటే స్పీడ్ రన్ రద్దు, నడక మాత్రమే. ఈ విషయంలో ఎవరూ బతిమాలకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.
3. ట్రాక్ రోజు ఇద్దరికీ వేర్వేరు టైములు. నేను 800 చేసేలోపు బావ 600 చేస్తాడు, జాగింగ్‌లో కలుస్తాం.
4. లాంగ్ రన్‌లో ప్రతి 20 నిమిషాలకి వాచ్ మోగుతుంది, దాహం ఉన్నా లేకపోయినా నాలుగు గుక్కలు. బావ బాటిల్ అర లీటరుది.
5. స్ట్రాప్ ఇంకోటి కావాలి. అప్పటిదాకా బావకే, నేను మెడ దగ్గర లెక్కపెట్టుకుంటాను.

సోమవారం పొద్దున బావ పల్స్ 61, పిక్క నొక్కితే నొప్పి లేదు. 25 + 25కి బయల్దేరుతున్నాం, గాలి ఇవాళ తూర్పునుంచి ఉంది కాబట్టి ముందు తూర్పుకే.